బీట్‌రూట్: దుంప కొంటున్నాం, ఆకు పోగొట్టుకుంటున్నాం

బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందని ఊళ్లలో గట్టి నమ్మకం. ఎర్రగా ఉంటుంది గనుక అలా అనుకుంటాం. ఆ రంగుకూ రక్తానికీ సంబంధం లేదు. 100 గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆకులో అంతకు మూడు రెట్లుంటుంది. కాల్షియం, విటమిన్-ఎ కూడా ఆకులోనే ఎక్కువ. కానీ బజారులో మనం కొనే దుంపకు సాధారణంగా ఆకు ఉండదు.

అలాగని దుంప దండగేమీ కాదు. గర్భిణులకు కావాల్సిన ఫోలేట్ అందులో బాగా ఉంది. రక్తపోటును కొంత తగ్గించే గుణమూ ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 100కి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. నాట్లేసేదీ, కలుపు తీసేదీ వాళ్లే. అందుకే ధర నమ్ముకుని ఎకరాలు వేయమనడం లేదు. ఇంటికి అర సెంటు వేసుకోమంటున్నాను.

బాపట్ల ఇసుక నేలల్లో దుంప సులువుగా ఊరుతుంది, దొరువు నీరు చాలు. తెనాలి, రేపల్లె నల్లరేగడిలో అయితే పశువుల ఎరువు బాగా కలిపి, ఎత్తు బోదెలు తోలి విత్తుకోవాలి. పెరిగిన మొక్క ఉప్పును కొంత తట్టుకుంటుంది గానీ మొలక తట్టుకోదు. మొదటి రెండు వారాలు మంచి నీరే పెట్టాలి.

వానలు తగ్గాక, నవంబరులో వేసుకోవచ్చు. అర సెంటుకు 20 గ్రాముల విత్తనం సరిపోతుంది. రాత్రంతా నానబెట్టి, సాళ్ల మధ్య అడుగు ఎడంతో విత్తాలి. ఒక్కో విత్తుకు రెండు మూడు మొలకలొస్తాయి. బెత్తెడుకొకటి ఉంచి మిగతావి పీకేయండి. పీకినవే మొదటి కూర. ఒకేసారి కాకుండా పదిహేను రోజుల తేడాతో మూడు విడతలుగా వేస్తే ఇంటికి వరసగా అందుతుంది. రెండు, రెండున్నర నెలల్లో దుంప తయారవుతుంది.

ఆకును తోటకూరలా పప్పులో వేసుకోవచ్చు. దించాక నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తెనాలి వాళ్లకు నిమ్మకాయ కొరతా? తిన్న వెంటనే టీ తాగొద్దు. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడక్కర్లేదు, అది దుంప రంగే. కిడ్నీలో రాళ్లున్నవారు డాక్టరునడిగి తినాలి. షుగరున్నవారు దుంప మితంగా తినాలి. ఆకు తింటున్నాం గదా అని ఐరన్ మాత్రలు మానొద్దు.

ఒక్క మాట. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ పెట్టాక మిగిలిందే తింటారు. ఈ కూర ముందు వాళ్ల కంచంలో పడాలి. లేకపోతే అర సెంటు కాదు, అరెకరం వేసినా ఫలితముండదు.