చిన్న హాళ్లు మూతపడితే.. వ్యంగ్యానికి వేదికేదీ?

ఒకరు పియానో ముందు, మరొకరు మైకు ముందు. హుషారైన స్వింగ్ బాణీలో మంత్రుల వాగ్దానాలను, పురపాలక సంఘం నిర్వాకాలను ఏకిపారేస్తారు. నూరు కుర్చీల హాలు నవ్వులతో మారుమోగుతుంది. బ్రిటన్‌లో ఇటువంటి వ్యంగ్య గాయక జంటలు ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇవ్వడం కొత్తేమీ కాదు. అయితే వారికి ఆసరాగా నిలిచిన చిన్న వేదికల మనుగడే నేడు ప్రశ్నార్థకంగా మారింది.

1930వ దశకంలో అమెరికాను ఊపేసిన జాజ్ నృత్య సంగీతమే స్వింగ్. దానికి పెద్ద వాద్య బృందం ఉండటం అప్పట్లో పరిపాటి. ఇద్దరు కళాకారులతోనూ ఆ ఊపు తేవచ్చని 1938లో స్లిమ్ గైలార్డ్, స్లామ్ స్టీవార్ట్ జంట తమ హాస్యగీతాలతో చాటింది. బాణీ స్వింగ్ కాకపోయినా, ఒకే పియానోతో వ్యంగ్యాన్ని పండించిన జంట బ్రిటన్‌కు చెందిన మైకేల్ ఫ్లాండర్స్, డొనాల్డ్ స్వాన్. వారి ప్రదర్శన 1956 డిసెంబరు 31న లండన్‌లోని ఒక చిన్న నాటకశాలలో మొదలై, కొద్ది వారాల్లోనే ఫార్చ్యూన్ థియేటర్‌కు చేరి రెండేళ్లకు పైగా నడిచింది. ఆ తొలిమెట్టు చిన్న హాలే కావడం గమనార్హం.

ఆ మెట్లే ఇప్పుడు కూలుతున్నాయి. చిన్న వేదికల తరఫున పనిచేస్తున్న మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్కల ప్రకారం 2023లో 125 వేదికల్లో సంగీత ప్రదర్శనలు నిలిచిపోయాయి. 2024లో 43.8 శాతం వేదికలు నష్టాలతో నడిచాయి. సగటు లాభం 0.48 శాతమే. 1994లో ఒక పర్యటనకు సగటున 22 ప్రదర్శనలు ఉండగా, 2024 నాటికి అవి 11కు పడిపోయాయి.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. 12 పౌండ్ల టికెట్లు నూరు అమ్ముడైతే వచ్చేది 1,200 పౌండ్లు. వ్యాట్ పరిధిలోని హాలైతే అందులో 200 పౌండ్లు పన్నుకే పోతాయి. అద్దె, విద్యుత్తు, సిబ్బంది జీతాలు పోగా మిగిలిన దానిలోనే కళాకారుల పారితోషికం, ప్రయాణం, బస. పులిమీద పుట్రలా 2025 ఏప్రిల్ నుంచి వ్యాపార భవనాల పన్ను రాయితీని 75 నుంచి 40 శాతానికి తగ్గించారు. ఉద్యోగుల కోసం యజమానులు చెల్లించే జాతీయ బీమా 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది.

పరిష్కారంగా పెద్ద స్టేడియాల కచేరీలకు అమ్మే ప్రతి టికెట్టుపై ఒక పౌండు వసూలు చేసి చిన్న వేదికలకు మళ్లించాలన్న ప్రతిపాదనకు 2024 మేలో పార్లమెంటు కమిటీ మద్దతు పలికింది. దానిని పరిశ్రమే స్వచ్ఛందంగా అమలు చేయాలని అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం సూచించింది. స్వచ్ఛందం అన్నచోట ఇచ్చేవారు ఇస్తారు, తప్పించుకునేవారు తప్పించుకుంటారు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఇటువంటి జంటలు పాడేది సంగీత క్లబ్బుల్లోనే కాదు, గ్రామ సమావేశ మందిరాల్లోనూ. అక్కడ ప్రదర్శనలకు గ్రామీణ పర్యటన పథకాలు తోడ్పడుతున్నాయి. పథకం నిర్వాహకులు పంపిన జాబితా నుంచి ఊరి స్వచ్ఛంద కమిటీ తమకు నచ్చిన కళాకారులను ఎంచుకుంటుంది. టికెట్ల రాబడి చాలనప్పుడు లోటులో కొంత భాగాన్ని ప్రజాధనం పూడుస్తుంది. సంగీత వేదికల కోసం ఉద్దేశించిన పౌండు ఈ ఊరి మందిరాల దాకా చేరుతుందా అన్నదే ప్రశ్న.

ఊరి రోడ్డు గుంతపై కట్టిన పాట స్టేడియంలో పేలదు. ఆ గుంతలో పడినవారు, దానిని పూడ్చని కౌన్సిలరు ఒకే హాలులో కూర్చున్నప్పుడే దానికి పదును. పాలకులను నవ్వుతూ నిలదీసే ఆ అవకాశాన్ని ఏ నిషేధమూ లేకుండానే కరెంటు బిల్లు, పన్ను నోటీసు లాగేసుకుంటున్నాయి. చిన్న వేదికల గురించి ఆలోచించేటప్పుడు ప్రభుత్వం జమాఖర్చులతో పాటు ఈ నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.