స్ఫటికముపైని గరుకుదనము

స్ఫటికము పెరుగు రీతిని కంప్యూటరు తెరపై చూపినచో విద్యార్థులకు బోధపడునని కొందఱి మతము. నాకది సమ్మతము కాదు. తప్పు నియమమిచ్చినను ఆ యంత్రము అంతే సొగసుగా బొమ్మ గీయును గదా!

గళ్ల కాగితము తీసికొని, చీటిలో వచ్చిన నిలువువరుసపై ఒక్కొక్క పరమాణువునకు మాఱుగా ఒక్కొక్క గడిని నింపుడు. పడినది పడినచోటనే నిలుచునన్నచో, సగటున 100 పొరలు పేరుకొనునప్పటికి ఎత్తులలోని విచలనము సుమారు 10 పొరలగును. 10,000 పొరలకు 100. ఆ గరుకునకు అంతము లేదు. ఇక నొక్క నియమము మార్చి, పడినది ప్రక్కపల్లములోనికి జారుననుడు. అప్పుడు గరుకు కాలముయొక్క చతుర్థమూలము ననుసరించి మెల్లగా పెరిగి, వెడల్పునకు తగిన మేరకడ ఆగిపోవును. ఎడ్వర్డ్స్, విల్కిన్సను పండితులు 1982లో సమీకరణముగా వ్రాసినదియు, ఫామిలీ పండితుడు 1986లో కంప్యూటరుతో గణించి చూపినదియు నిదియే.

నిజమైన స్ఫటికముపై పరమాణువులు ఎంత దూరము కదలునో వేడిమినిబట్టి యుండును. సిలికాను పలకలపై పలుచని పొరలు పెంచువారికి ఇది చిన్న సంగతి కాదు. నియమమేమని యడుగని బాలునకు ఆ తెర వట్టి బొమ్మలాట.

తరగతిలో కాగితము ముందు రావలెను, తెర తరువాత. ఇరువది వరుసలు పెట్టుకొని 200 మాఱులు చీటి తీసిన చాలును.