చాపమీదనుండి లేచే బలం



ఆదివారం ఆశీర్వాదం పలికిన తరువాత స్త్రీలు కూర్చున్న వైపు ఒకసారి చూడండి. పడుచుపిల్లలు చటుక్కున లేచి చెప్పులు వెదుక్కుంటారు. నలభై అయిదు, యాభై దాటిన తల్లులు మాత్రం ఒక చెయ్యి నేలకు ఆనించి, మరొక చెయ్యి ప్రక్కనున్నామె భుజంమీద వేసి, "ప్రభువా" అంటూ లేస్తారు. కొన్నాళ్లకు చాప విడిచి గోడప్రక్కన కుర్చీ అడుగుతారు. మరికొన్నాళ్లకు ప్రభురాత్రి భోజన సమయమందు మోకరించలేక నిలువబడే పుచ్చుకుంటారు. ఆ తరువాత గుడికి రావడమే తగ్గుతుంది. దీనికి మనం "వయసు" అని పేరు పెట్టి ఊరుకుంటాం. వయసు పాలు కొంత ఉన్నది, కాదనను. కాని పనిలేక వడలిన కండరాల పాలు కూడా ఉన్నది. ఆ పాలును మనం తగ్గించుకోగలం.

మన అమ్మమ్మలు వ్యాయామం అనే మాట వినలేదు. రోకలి పోటు, తిరగలి, బావిలోనుండి చేదిన నీళ్లు, తలమీద బిందె, ఇవే వారి వ్యాయామం. ఇప్పుడు మిక్సీ ఉన్నది, గ్రైండరు ఉన్నది, వాకిట్లో కొళాయి ఉన్నది. ఇవి దేవుడిచ్చిన మేలులే. తిరిగి రోకలి పట్టమని ఎవరూ చెప్పరు. అయితే చేతులకు, తొడలకు ఉన్న పని పోయింది గాని దాని స్థానంలో మరొకటి రాలేదు.

"మేము పొలం పనికి వెళ్లేవాళ్లం, మాకెందుకు?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. నాట్లు, కలుపు, పత్తి తీయడం కష్టమైన పనులే. కాని గంటల తరబడి ఒకే తీరున వంగి చేసే పని నడుమును అలసిపోజేస్తుంది గాని, ఒళ్లంతటికీ సమానంగా బలం ఇవ్వదు. పైగా అది కొన్ని నెలల పని. పని లేని నెలలలో శరీరం మరల సడలిపోతుంది.

వయసు ముప్పయి, నలభై దాటినది మొదలు కండరం కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గి, ఎముకలు కూడా వేగంగా పలచబడతాయి. మనం తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా తీసుకొని దాచుకునేది కండరమే. కండరం తగ్గితే ఆ చక్కెర రక్తంలో మిగిలిపోవడం సులువవుతుంది. షుగరు జబ్బుకు ఇదొక దారి.

మన రెండు రాష్ట్రాల స్త్రీలకు మరొక సంగతి ఉన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే, యాభై ఏళ్లకు రావలసిన ఎముకల బలహీనత ముప్పయి అయిదుకే మొదలు కాగలదు. అట్టి సహోదరీలు తమకు ఇంకా వయసున్నదని ఊరుకొనక, ముందుగానే జాగ్రత్తపడాలి.

మందు ఏమిటి? నడక మంచిదే, గాని నడక ఒక్కటే చాలదు. 18 ఏళ్లు దాటిన పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రెండే రోజులు! అయినా మొదలుపెట్టినవారిలో చాలామంది నెల తిరగకముందే మానేస్తారు. కారణమేమిటి?

ఈ ప్రశ్నకు హైదరాబాదు పాతబస్తీ వైపు ఒక జవాబు కనబడింది. అక్కడ పురుషులు కుస్తీ, కసరత్తు నేర్చుకొనే తాలింఖానాలు తరతరాలుగా ఉన్నాయి. బార్కస్ పహిల్వాన్ల పేరు నగరమంతా తెలుసు. ఇంటి గడప దాటడానికి సంకోచించే బీద స్త్రీకి మాత్రం అట్టి చోటు లేదు. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ అనే సేవాసంస్థవారు పాతబస్తీ పేదవాడలలో పరీక్షలు చేయించగా, స్త్రీలలో సగానికి పైగా గుండెజబ్బు, షుగరు వంటి వాటి అపాయంలో ఉన్నట్లు తేలింది. అప్పుడు వారు 2021 ఆరంభంలో, పాతబస్తీకి దగ్గరలోనున్న రాజేంద్రనగర్‌లోని వాదీ-ఎ-మహమూద్‌లో, మస్జిద్-ఎ-ముస్తఫా ఆవరణలోనే స్త్రీల కొరకు ఒక వ్యాయామశాల తెరిచారు. నేర్పేది స్త్రీయే.

ఇందులోని వివేకం గమనించండి. "వ్యాయామం చేయండి" అని ఉపదేశించి వదిలిపెట్టలేదు. ఆ స్త్రీకి భయంలేని చోటు, ఇంటివారు అభ్యంతరం చెప్పని చోటు, తనవంటివారే ఉండే చోటు చూపించారు. పొరుగువారిలోని మేలును చూచి నేర్చుకొనుటకు మనం సిగ్గుపడనక్కరలేదు. మంచి సమరయుని ఉపమానంలో ప్రభువు మనకు మాదిరిగా చూపినది ఎవరినో జ్ఞాపకం చేసుకోండి.

మన గుడి వారంలో ఎన్ని రోజులు తాళంవేసి ఉంటున్నది? స్త్రీల కూడిక ఉన్న రోజున ఒక ఇరవై నిమిషాలు ముందుగా వస్తే చాలదా? అదొక రోజు. వారంలో మరొక రోజు కలుపుకుంటే రెండు. పరికరాలు కొననక్కరలేదు.

మొదటిది, గట్టి కుర్చీమీద కూర్చొని చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా మరల కూర్చోవడం. రెండవది, గోడకు బారెడు దూరంలో నిలిచి, రెండు అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి గోడవైపు ఒరిగి, మరల వెనుకకు నెట్టుకోవడం. మూడవది, కుర్చీ వీపు పట్టుకొని మడమలెత్తి మునివేళ్లమీద నిలిచి దిగడం. నాల్గవది, లీటరు నీళ్ల సీసా, అంటే కిలో బరువు, ఒక్కొక్క చేతిలో పట్టుకొని మోచేయి వంచి భుజం వరకు ఎత్తి దించడం. ఒక్కొక్కటి మొదట అయిదారుసార్లు చాలు. సులువైనకొలది ఎనిమిది, పది, పన్నెండు చేసుకుంటూ, కొంత విశ్రాంతి తీసుకొని రెండవ విడత చేయండి. పన్నెండు కూడా సులువైతే బరువు కొద్దిగా పెంచండి. ఊపిరి బిగబట్టవద్దు. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు తీసుకోండి.

బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భసంచి జారినవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు ముందు డాక్టరును అడగాలి. మరునాడు కండరాలు కొంచెం సలిపితే భయపడవద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పోటు వస్తే వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోండి.

ఇక మానేయడం గురించి. మొదటి కారణం అత్యుత్సాహం. తొలిరోజే యాభైసార్లు చేసి, మరునాడు మెట్లు దిగలేక, "ఇది మనకు కాదు" అనుకుంటారు. ఇంకా చేయగలిగి ఉండగానే ఆపడం నేర్చుకోండి.

రెండవ కారణం తూకం. నెల తరువాత తూకం తగ్గలేదని నిరాశపడతారు. మనం కొలవవలసినది తూకం కాదు, బలం. అర నిమిషంలో కుర్చీమీదనుండి ఎన్నిసార్లు లేవగలిగారో కూడిక పుస్తకంలో తేదీ వేసి వ్రాయండి. రెండు నెలల తరువాత మరల లెక్కించండి. ఏడు పదయితే ఆ సంతోషమే మిమ్మల్ని మరుసటి వారం తీసుకువస్తుంది.

మూడవ కారణం ఒంటరితనం. ఇదే పెద్దది. ఇంట్లో ఒక్కతే చేయబోతే పాలు పొంగుతాయి, చుట్టం వస్తాడు, మనవడు ఏడుస్తాడు. ఒకరు పడితే లేవనెత్తడానికి మరొకరుండాలని ప్రసంగి 4వ అధ్యాయం మనకు నేర్పుతున్నది గదా. ఇద్దరిద్దరు జతగా ఉండండి. ఆరాధనకు రెండు వారాలు రాని కుటుంబాన్ని మనం పరామర్శించినట్లే, రెండుసార్లు రాని సహోదరి ఇంటికి జతగత్తె వెళ్లాలి. నిలదీయడానికి కాదు, పిలుచుకొని రావడానికి. పెండ్లి వచ్చినా, కోత వచ్చినా, జ్వరం వచ్చినా కొన్నాళ్లు ఆగవచ్చు. ఆగడం ఓటమి కాదు. తిరిగి వచ్చినప్పుడు కొద్దిగా తగ్గించి మొదలుపెట్టాలి, అంతే.

ఇంటి పురుషులకు, కోడళ్లకు ఒక మాట. ఆ అరగంట పొయ్యి దగ్గర మీరు నిలవండి. తల్లి పళ్లెంలో కూడా చూడండి. అందరూ తిన్న తరువాత మిగిలిన పులుసుతో సరిపెట్టుకునే తల్లికి కండరం ఎక్కడనుండి వస్తుంది? మన తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి అది సుమారు 46 గ్రాములు. ఒక గ్రుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కాబట్టి పప్పు, పాలు, పెరుగు, వేరుసెనగలు, గ్రుడ్డు ఆమె వంతు ఆమెకు ముందే తీసిపెట్టండి.

శరీర సాధకం గురించి పౌలు తిమోతికి వ్రాసినది కొందరు ఎత్తిచూపి, "ఇది కొంచెమే ప్రయోజనం గదా" అంటారు. నిజమే, భక్తి దానికంటె గొప్పది. అయితే ఆ కొంచెం ప్రయోజనాన్ని పౌలు కొట్టివేయలేదు. సామెతలు 31లోని గుణవతి తన చేతులను బలపరచుకొనే స్త్రీయే గాని వాటిని వడలిపోనిచ్చే స్త్రీ కాదు. ఆమె బలం ఇంటివారికి, దరిద్రులకు ఉపయోగపడింది. మన బలం కూడా అందుకే: మనవణ్ణి ఎత్తుకొనుటకు, రోగిని లేపి కూర్చోబెట్టుటకు, మోకాళ్లూని ప్రార్థించి, ఒకరి భుజం అడగకుండా లేచుటకు.

ఈ నెల స్త్రీల కూడికలో ఈ మాట ఎత్తండి. పాస్టరుగారిని తాళపుచెవి అడగండి. ఇద్దరే వచ్చినా మొదలుపెట్టండి.

ప్రభువు మీ చేతులకు బలమిచ్చును గాక.