తెల్లమద్ది: బెరడుతోపాటు చెట్టూ మిగలాలి

ఏటి గట్ల వెంట నున్నని, పాలిపోయిన బెరడుతో ఎత్తుగా పెరిగే తెల్లమద్దిని ఏరుమద్ది అని కూడా పిలుస్తారు. దీని శాస్త్రీయ నామం టెర్మినేలియా అర్జున. హృద్రోగ చికిత్సలో ఈ బెరడు వినియోగాన్ని వాగ్భటుడు పేర్కొన్నాడు. బెరడును పాలలో కాచి ఇచ్చే పద్ధతి ఆయుర్వేదంలో నేటికీ ఉంది.

ఈ బెరడులో అర్జునిక్ ఆమ్లం, అర్జునోలిక్ ఆమ్లం, అర్జున్‌జెనిన్ వంటి ట్రైటెర్పినాయిడ్లు, అర్జునెటిన్ వంటి గ్లైకోసైడ్లు, ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, కాల్షియం లవణాలు ఉన్నాయి. వగరు రుచికి టానిన్లే కారణం. ఫ్లేవనాయిడ్లు, టానిన్లు ఆక్సీకరణ నిరోధకాలుగా పనిచేస్తాయి. జంతువులపై జరిపిన ప్రయోగాలలో బెరడు సారం గుండె కండరానికి రక్షణ కల్పించింది. అయితే రోగులపై జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, స్వల్పకాలికమైనవి. కనుక వైద్యుడు సూచించిన మందులను మాని కషాయాన్ని నమ్ముకోవడం ప్రమాదకరమని విస్తరణ కార్యకర్తలు స్పష్టంగా చెప్పాలి.

ఔషధ గుణాల ప్రచారంతోనే విస్తరణ బాధ్యత తీరదు. ఆకులలో తయారైన ఆహారం లోపలి బెరడు ద్వారానే వేళ్లకు చేరుతుంది. కాండం చుట్టూ బెరడును పూర్తిగా ఒలిస్తే వేళ్లకు ఆహారం అందక క్రమంగా చెట్టు చనిపోతుంది. దసలి పట్టుపురుగుకు ఈ చెట్టు ఆకులు మేత. అందువల్ల చెట్టు ఎండితే మందుతోపాటు పట్టుకాయల ఆదాయమూ పోతుంది.

ముదిరిన చెట్ల నుండి మాత్రమే, చుట్టుకొలతలో నాలుగో వంతు మించకుండా, నిలువు పట్టీలుగా బెరడు తీయాలి. వెలుపలి, మధ్య పొరలను తీసి లోపలి పొరను వదిలివేయాలి. ఆ భాగం పూడిన తరువాతే ఎదుటి వైపున కత్తి పెట్టాలి. తీసిన బెరడును నీడలో ఆరబెట్టాలి.

అయితే తూకాన్ని బట్టి డబ్బు అందుకునే సేకర్తకు చెట్టుపై కొంత బెరడు మిగల్చమని చెప్పడం నష్టపొమ్మని చెప్పడమే. ఈ పద్ధతిలో తీసిన, ఇతర మద్ది జాతుల బెరడు కలవని సరుకుకు కొనుగోలుదారులు అధిక ధర చెల్లించినప్పుడే సలహా ఆచరణలోకి వస్తుంది. పంట కాలువల గట్లపైన, పొలాల సరిహద్దులలోను తెల్లమద్దిని నాటిస్తే అడవిపై ఒత్తిడి తగ్గుతుంది. వ్యవసాయ విద్యార్థులకు రసాయనాల పేర్లతోపాటు చెట్టు చావకుండా బెరడు తీసే విధానాన్ని కూడా క్షేత్రంలోనే నేర్పాలి.