నాలుగు గంటల ఉద్యోగమేనా?

మొన్న మా ఎదురింటావిడ లడ్డూలు పట్టుకొచ్చింది. వాళ్లమ్మాయికి పదో తరగతి మార్కుల మీద ఒక పల్లెటూళ్లో బ్రాంచి పోస్టుమాస్టరు ఉద్యోగం వచ్చిందట. "రోజుకు నాలుగైదు గంటల పనేనండీ. మిగతా టైమంతా ఇంటిపట్టునే ఉండొచ్చు. ఆడపిల్లకి ఇంతకంటే ఏం కావాలి?" అంది సంబరంగా. నేనూ "నిజమే, అదృష్టవంతురాలు" అనేశాను. ఆవిడ గుమ్మం దాటిందో లేదో మా పిన్ని గుర్తొచ్చింది. అన్న మాటకి నాకే సిగ్గేసింది.

మా పిన్ని గుంటూరు వైపు మిర్చి, పత్తి పండించే ఊళ్లో ముప్పై అయిదేళ్లుగా పోస్టుమాస్టరమ్మ. ఆ ఊరి పోస్టాఫీసు అంటే వాళ్లింటి వసారా పక్కనున్న చిన్న గది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఆ ఊళ్లోనే కాపురం ఉండాలి, ఆఫీసుకి చోటు కూడా వాళ్లే చూపించాలి. అందుకని పిన్ని ఇల్లే ఆఫీసయింది, ఆఫీసే ఇల్లయింది.

కాగితం మీద ఆఫీసు వేళలు పగటిపూట. కానీ కోతల కాలంలో ఆ వేళకి ఊళ్లో ఎవరుంటారు చెప్పండి? అందరూ చేలల్లో ఉంటారు. అందుకే పొలానికి పోతూ తెల్లవారుజామున ఒకరు, తిరిగొచ్చి స్నానం చేసి దీపాల వేళకి ఇంకొకరు తలుపు కొడతారు. "అమ్మా, మనియార్డరు వచ్చిందా?" అని ఒకప్పుడు అడిగేవారు. ఇప్పుడు "ఖాతాలో డబ్బు పడిందేమో చూడమ్మా" అంటున్నారు. పొయ్యి మీద కూర మాడుతున్నా పిన్ని లేచి వెళ్లాల్సిందే. "రేపు పదింటికి రా" అంటే ఆ మనిషికి ఒక పూట కూలి పోతుంది మరి.

చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ గది నాకు సినిమాహాలులా ఉండేది. చదువురాని ఆడవాళ్లు కొడుకుల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు చదివించుకుని, కళ్లు తుడుచుకుంటూ జవాబు చెప్పి రాయించుకునేవాళ్లు. పిన్ని నన్ను ముద్ర కూడా ముట్టుకోనిచ్చేది కాదు. "ఇక్కడ విన్నది ఈ గడప దాటకూడదు" అనేది. ఒకసారి ఒకామె, "ఇంట్లో ఉంటే మా ఆయన తాగేస్తాడు, ఈ పాస్‌బుక్కు నీ దగ్గరే దాచమ్మా" అని బతిమాలింది. పిన్ని ఒప్పుకోలేదు. రూలు కాదు. కానీ ఎక్కడ దాచుకుంటే మొగుడి కంట పడదో ఇద్దరూ కూర్చుని అరగంట ఆలోచించారు. ఆ అరగంట ఏ రిజిస్టరులో రాస్తారు?

ఇప్పుడు ఆ పని చేతిలోని మెషీను మీదికొచ్చింది. సిగ్నలు కోసం అరవై దాటిన మనిషి డాబా ఎక్కుతుంది. మిరపకాయలు కోసి కోసి అరిగిపోయిన వేళ్ల ముద్రలు మెషీనుకి ఆనవు. ముసలమ్మ వేలు కడిగించి, తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టించేది పిన్నే. సాయంత్రం లెక్కలో రూపాయి తగ్గితే తన పాల డబ్బులు తీసి వేసేదీ తనే.

ఇంత చేస్తే వచ్చేదాన్ని జీతం అనరు. 'సమయాన్ని బట్టి ఇచ్చే అలవెన్సు' అంటారు. 2018లో పెంచినప్పుడు బ్రాంచి పోస్టుమాస్టరుకి నాలుగు గంటల పనికి 12,000, అయిదు గంటలకి 14,500 రూపాయల నుంచి మొదలయ్యేట్టు నిర్ణయించారు. దానిమీద కరువు భత్యం ఉంటుంది. ఆడవాళ్లకి 180 రోజుల ప్రసూతి సెలవు కూడా అప్పుడే వచ్చింది. మంచిదే, కాదనను. కానీ వీళ్లు 2001 దాకా 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్' ఏజెంట్లు. ఆ తర్వాత 'గ్రామీణ డాక్ సేవక్‌లు'. పేరు మారింది గానీ బతుకుతెరువుకి వేరే ఆధారం ఉండాలన్న షరతు మారలేదు. వీళ్లూ సివిల్ పోస్టుల్లో ఉన్నవాళ్లేనని 1977లోనే రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 65 ఏళ్లకి దిగిపోయేటప్పుడు ఒక్కసారి చేతికిచ్చే మొత్తమే తప్ప, డిపార్టుమెంటు ఉద్యోగులకిచ్చినట్టు నెలనెలా పింఛను లేదు. ఒకప్పుడు ఊరందరి వృద్ధాప్య పింఛన్లు లెక్కపెట్టి ఇచ్చిన మా పిన్ని వచ్చే ఏడాది దిగిపోతోంది.

'వేరే ఆధారం' అంటే ఆడదానికి మొగుడే అని అందరం అనుకుంటాం. మరి పిన్ని సంగతి తిరగేసి ఉంది. పత్తికి పురుగు పట్టిన ఏడాది, మిర్చి ధర పడిపోయిన ఏడాది, బాబాయి వ్యవసాయానికి ఆధారం ఈ పోస్టాఫీసు డబ్బే.

డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకునే నాకు "ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో తెలుసు. ఇంట్లో ఉండి చేసే పని పనికాదన్నది మన మగవాళ్లే కాదు, ప్రభుత్వమూ నమ్ముతోందన్నమాట! ఊరి వేళల్ని బట్టి నడిచే ఆఫీసుకి గంటలు లెక్కగట్టేటప్పుడు ఊరి వేళల్నే చూడాలి. ముప్పై ఏళ్లు ఊరి డబ్బుకి కాపలా కాసిన మనిషికి వయసు మళ్లాక నెలకింత అని చేతికి రావాలి. ఇది దయ కాదు, బాకీ.

నిన్న ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడాను. "ఉద్యోగం వదులుకోకు. తప్పకుండా చేరు. కానీ నాలుగు గంటలే అని నువ్వు మాత్రం ఎప్పుడూ అనకు. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎంతసేపు పట్టిందో ఒక నోటుబుక్కులో రాసుకో. రేపు పెళ్లయ్యాక అత్తగారు 'ఖాళీగానే ఉన్నావుగా' అంటే అది చూపించు. యూనియను వాళ్లు అడిగినా అదే చూపించు" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "మా అమ్మకి కూడా చూపిస్తానాంటీ" అంది.

ఆ మాట నాకూ తగిలింది. ముందు అదృష్టవంతురాలని అన్నది నేనే కదా!