శిశుపోషణము: ఆటలో ఆయాసపడు బిడ్డ

ఉబ్బసపు బిడ్డ పరుగెత్తి వచ్చి అరుగుమీద కూలబడి దగ్గుచున్నచో, “ఇక ఆటలు చాలించు” మని లోనికి పిలుచుట తల్లులకు పరిపాటి. అది బిడ్డకు మేలని వారి తలంపు. మేమట్లు తలంపము. తోడిపిల్లలు చెడుగుడాడుచుండగా కిటికీయొద్ద కూర్చున్న బిడ్డకు మనసు కుందుటయే కాక, దేహదార్ఢ్యమును తగ్గును.

నెమ్మదిగా ముక్కుతో పీల్చిన గాలి వెచ్చబడి, తేమగొని లోనికి పోవును. పరుగులో నోటితో వడివడిగా పీల్చు గాలియో పొడిగానే పోయి, శ్వాసనాళములలోని తేమను హరించును. అంతట నాళముల చుట్టునున్న కండరములు బిగియును. ఈ ఆయాసము తఱచుగా ఆట మానిన 5, 10 నిమిషములకు హెచ్చగును. సామాన్యముగా గంటలోపల తానే తగ్గును. అందుచేతనే పెద్దలు దీనిని బడి యెగవేయుటకు సాకని కసరుటయు కలదు.

వైద్యుడు వ్రాసియిచ్చిన సాల్బుటమాల్ పంపును ఆటకు సుమారు 15 నిమిషములు ముందుగా వాడినచో ఆ కండరములు సడలి, 2 మొదలు 4 గంటలవఱకు రక్షణ కలుగును. పంపును బాగుగా ఊపి, స్పేసరు అను ప్లాస్టికు బుడ్డికి తగిల్చి, ఒక్కమారే నొక్కి, బిడ్డచేత మెల్లగా అయిదాఱు సారులు ఊపిరి పీల్పింపవలెను. రెండవమారు నొక్కుటకు మరల ఊపవలెను. స్పేసరు లేక నోటిలో కొట్టిన మందు చాలవఱకు గొంతులోనే నిలిచిపోవును. ఆటకు ముందు 10 నిమిషములు నడకయు, చిన్నచిన్న పరుగులును మంచివి.

పంపు వ్యసనమగునను భయము వలదు. కాని ఈ మందు కండరములను సడలించునేగాని నాళములలోని వాపును తీర్పదు. ప్రతిదినము దీని యవసరము కలుగుచున్నచో వ్యాధి అదుపులో లేదన్నమాట. పైగా నిత్యము వాడినచో దీని రక్షణయు సన్నగిల్లును. అట్టి బిడ్డకు వైద్యులు వాపును తగ్గించు స్టీరాయిడు పంపును దినదినము వాడుమందురు. స్టీరాయిడను పేరు విని బెదరి, బిడ్డ కులాసాగా నున్నదని దానిని మనంతట మనమే మానిపించుట మేమెఱిగిన ఇండ్లలో తఱచుగా జరుగు పొరపాటు. అది వాడిన పిదప నోరు పుక్కిలింపవలెను.

పంపు వాడినను ఆయాసము తగ్గకున్నను, బిడ్డ మాటాడలేకున్నను, పెదవులు నీలమైనను క్షణము జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆడపిల్ల చేతిలో పంపు చూచినచో రేపు సంబంధములు రావని దానిని బీరువాలో దాచు తల్లులును కలరు. బీరువాలోని పంపు బడి మైదానములో ఆయాసపడు పిల్ల నెట్లు కాపాడును? దానిపై పిల్ల పేరు వ్రాసి, స్పేసరుతోగూడ బడిసంచిలో నుంచి, ఆటలు నేర్పు ఉపాధ్యాయునకు వాడు విధము చూపి రండు.