ఒక చెవిలోనే సౌండ్ వస్తోందా?.. ఇయర్‌ఫోన్స్ పడేసే ముందు ఇవి చెక్ చేయండి.. అసలు సమస్య ఎక్కడుందంటే!

పాట ప్లే అవుతూనే ఉంటుంది.. కానీ ఒక చెవిలోనే వినిపిస్తుంది. వైర్‌ని వేలితో కాస్త వంచితే రెండో వైపు ఠక్కున వస్తుంది. వదిలేస్తే మళ్లీ సైలెంట్. బస్సుల్లో, హాస్టల్ రూముల్లో రోజూ కనిపించే సీన్ ఇది. చాలామంది చేసే పని ఒక్కటే.. పాతది డ్రాయర్‌లో పడేసి కొత్తది ఆర్డర్ పెట్టడం. నిజానికి చాలాసార్లు స్పీకర్ బాగానే ఉంటుంది. తెగేది వెంట్రుకంత రాగి తీగ మాత్రమే.

తప్పు ఫోన్‌దా.. ఇయర్‌ఫోన్స్‌దా?

ముందు అదే సెట్‌ని వేరే ఫోన్‌కి పెట్టి చూడాలి. అక్కడ రెండు వైపులా వస్తే తేడా ఫోన్‌లోనే ఉన్నట్టు. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్తే ఆడియో బ్యాలెన్స్ కనిపిస్తుంది. ఆ స్లైడర్ ఒక పక్కకు జరిగి ఉంటే మధ్యలోకి తేవాలి. అది కూడా సరిగ్గానే ఉంటే ఫోన్ జాక్‌లోకి తొంగి చూడండి. 3.5 ఎంఎం పిన్‌లో కొన ఎడమ చెవికి, దాని పక్క రింగ్ కుడి చెవికి సౌండ్ పంపుతాయి. జేబులోని నూలు, దుమ్ము జాక్‌లో ఇరుక్కుంటే పిన్ పూర్తిగా దిగదు. దాంతో ఒక వైపు కట్ అవుతుంది. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే సరిపోతుంది. పిన్నీసులు, సూదులు అస్సలు వద్దు.

వైర్ తెగితే..

ఎక్కువగా తెగేది పిన్ మెడ దగ్గరే. రోజూ వంగేది అక్కడే కాబట్టి! ఆ భాగం కత్తిరించి కొత్త పిన్ సోల్డరింగ్ చేస్తే సెట్ మళ్లీ పనిచేస్తుంది. ఈ సన్నని తీగలపై కంటికి కనిపించని ఎనామిల్ పూత ఉంటుంది. దాన్ని కాల్చి తీసేయకుండా సోల్డర్ పెడితే అతకదు. ఇంట్లో ట్రై చేసి 'పని కాలేదు' అనేవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇదే.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి మార్కెట్లలో ఇలాంటి విడి భాగాలు దొరుకుతాయి. చిక్కు ధర దగ్గరే వస్తోంది. రిపేర్ చేసేవాళ్లు అరగంట కూర్చుని పని చేస్తే ఆ కూలీ, చవక ఇయర్‌ఫోన్స్ ధర దాదాపు ఒక్కటే అవుతున్నాయి. అందుకే షాపు వాళ్లే 'కొత్తది తీసుకోండి' అనేస్తున్నారు.

వైర్‌లెస్ వస్తే కష్టాలు పోయాయా?

2016లో ఐఫోన్ 7 నుంచి యాపిల్ హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది. తర్వాత మిగతా కంపెనీలూ చాలా మోడల్స్‌లో అదే బాట పట్టాయి. ఇప్పుడు వైర్ తెగే బాధ లేదు.. కానీ ఒక బడ్ మూగబోతే విప్పి చూసే వీలూ లేదు. చాలా బడ్స్ జిగురుతో అతికించి వస్తాయి. రిపేర్ గైడ్లు ఇచ్చే ఐఫిక్సిట్ సంస్థ తొలి ఎయిర్‌పాడ్స్‌కి 10కి 0 మార్కులే వేసింది.

అయినా కొన్ని చిట్కాలు పనిచేస్తాయి. చెమట, గులిమి పేరుకుంటే కేస్‌లోని చార్జింగ్ పాయింట్లు బడ్‌కి ఆనవు. పొడి గుడ్డతో తుడవాలి. జాలీని మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి. తర్వాత రీసెట్ చేసి మళ్లీ పెయిర్ చేయాలి. అప్పటికీ రాకపోతే కత్తితో తెరవొద్దు. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ.. గుచ్చుకుంటే మంటలు వచ్చే ప్రమాదం ఉంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. మొబైల్, ఎలక్ట్రానిక్స్ రంగానికి రిపేరబిలిటీ ఇండెక్స్ ఎలా ఉండాలో చెబుతూ 2025 మేలో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. రిపేర్ ఎంత సులువో స్టార్ రేటింగ్‌లా ముందే చెప్పాలన్నది దాని ఉద్దేశం. అయితే మొదటి గురి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లపైనే. అంటే ఫోన్‌కి మార్కులు వచ్చినా, దాంతో వాడే బడ్స్‌కి రావు.

యూరప్ ఒక అడుగు ముందుంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి పోర్టబుల్ బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకునేలా తయారు చేయాలని అక్కడి చట్టం చెబుతోంది. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. బడ్స్ అంత చిన్న వస్తువులో అది కుదరదనేవాళ్లకు ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2024లోనే జవాబిచ్చింది. బ్యాటరీ మార్చుకోగలిగే బడ్స్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. కాబట్టి టెక్నాలజీ ఉంది.. అడిగేవాళ్లే తక్కువ.

అప్పటిదాకా ఏం చేయాలి?

కొనేటప్పుడు బాస్ ఎంత అన్నదే కాదు.. ఒక బడ్ పాడైతే అదొక్కటే అమ్ముతారా, వారంటీ ఎన్ని నెలలు అని కూడా అడగాలి. బిల్లు దాచుకోవాలి. రిపేర్ అయ్యేలోపు ఫోన్‌లో 'మోనో ఆడియో' ఆన్ చేసుకుంటే రెండు వైపుల సౌండ్ పనిచేసే చెవిలోకే వస్తుంది. ఇక ఏమాత్రం పనికిరాదనుకుంటే చెత్తబుట్టలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునే చోటే ఇవ్వాలి. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కతేలింది 22.3 శాతమే మరి!